ఇవ్వలేను అన్న మాట

చిరంజీవి మనవరాలికి, మా ప్రశ్నల పుట్టకి, తాతయ్య దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నానని రాశావు. మరి అక్షరాలెందుకు వంకరపోయాయి? జ్వరం గానీ వచ్చిందా? ఇంకొకటి. కవరు అంటించినచోట జిగురు రెండు వరసలు ఉంది. నువ్వే రెండుసార్లు అంటించావా, దారిలో ఎవరైనా విప్పి చూశారా? ఆ సంగతి తప్పకుండా రాయి. ఫోన్ చేయమంటావు గానీ, అది చెవి దగ్గర పెట్టుకోగానే నాకున్న నాలుగు మాటలూ పారిపోతాయని నీకు తెలుసు.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. నా దగ్గు తగ్గింది. మందు తాగుతున్నాను. సీసా మీద కంపెనీ పేరు మారింది, అందుకని మొదట అరచెంచా తాగి రెండు రోజులు చూశాను. ఏమీ కాలేదు. మీ అమ్మ చేతుల మీద పొక్కులు మానాయి. లాండ్రీలో సబ్బు మార్చారట, గ్లవుజులు కూడా ఇచ్చారు. రాత్రి డ్యూటీ మాత్రం అలాగే ఉంది. పొద్దున వచ్చి పడుకుంటే మధ్యాహ్నం దాకా నేను ఇంట్లో పిల్లిలా తిరుగుతున్నాను.

ఇక అసలు ప్రశ్న. నువ్వు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇది. పాత కాలేజీలో నీ సబ్జెక్టు ఎత్తేశారు కాబట్టి నువ్వు ఆ ఊరి కాలేజీకి మారావు. నువ్వు మారావు గానీ నీ ఫీజు సాయం నీతో మారలేదు. మళ్ళీ మొదటినుంచి దరఖాస్తు పెట్టుకోవాలి. నెలాఖరులోగా మంజూరు కాకపోతే నీ సీటు ఇంకొకరికి పోతుంది. ఇప్పుడేమో నీ దరఖాస్తు మీద 'ఈ చిరునామాలో విద్యార్థిని కుటుంబం లేదు' అని రాసి పక్కన పడేశారు. మనమంటే గిట్టనివాళ్ళెవరో చెప్పి ఉంటారని నీ అనుమానం.

చెప్పింది నేనే.

కోప్పడకుండా చదువు. మీ అమ్మ పడుకున్నవేళ ఒకతను వచ్చాడు. చేతిలో పలకంత ఫోను, మెడలో కార్డు. కార్డుదేముంది, అవి అచ్చువేసే కొట్టు మన వీధి మొదట్లోనే ఉంది. నీ పేరు చెప్పి, ఇల్లు ఇదేనా అన్నాడు.

"ఎవరు చెప్పారు?" అన్నాను.

"కాగితాల్లో ఉందండీ."

"ఏ కాగితాల్లో?"

"సాయం కోసం అమ్మాయి పెట్టుకున్న కాగితాల్లో. ఇంతకీ ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

"ఏ ఇంట్లో?"

"ఇదిగో, మీరు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారే, ఈ ఇంట్లో."

నవ్వాడు. నవ్వేవాళ్ళంటే నాకు ఇంకొంచెం భయం. ఆ తర్వాత అడిగాడు, "అమ్మాయి వాళ్ళ నాన్న ఎక్కడుంటారు? ఆయన్ని కలుస్తూ ఉంటుందా?" అని.

దాంతో నా అనుమానం గట్టిపడింది. మొదటి ఏడాది నీ స్కాలర్‌షిప్ తన సంతకంతో తీసుకుని, మర్నాటి నుంచి కనబడకుండా పోయిన మనిషి. అతని గురించి ఎవరడిగినా, అతనే పంపాడనుకుంటాను నేను. గోడౌన్ దగ్గర కాపలా ఉన్నన్నాళ్ళూ మాకొక పద్ధతి ఉండేది. ఎవరొచ్చి ఎవరికోసం అడిగినా ముందు లేరని చెప్పేయాలి. నిజంగా పనున్నవాడు రెండోసారి వస్తాడు, దొంగైతే రాడు. అన్నేళ్ళలో ఆ పద్ధతి ఒక్కసారీ తప్పలేదు. అందుకే, "ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ లేరు, నేనొక్కడినే ఉంటాను" అన్నాను. అతను ఫోన్‌లో ఏదో నొక్కి, దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆఫీసువాళ్ళు రెండోసారి రారని నాకేం తెలుసు?

నీ ఉత్తరం అందిన మర్నాడే మన ఊళ్ళో ఉన్న సాయం ఆఫీసుకి వెళ్ళాను. ఉతికిన చొక్కా వేసుకున్నాను. కౌంటరు వెనక ఒకావిడ ఉంది. నీ దరఖాస్తు తెరమీద చూసి, "ఈ అమ్మాయి మీకేమవుతుంది?" అంది.

"మనవరాలు."

"మరి అలాంటి పిల్లే లేదన్నారట?"

"అన్నాను."

"ఎందుకు?"

నా వెనక వరసలో ఉన్నాయన, "చెప్పండి పెద్దాయనా, ఈలోగా మా పిల్లల చదువులు అయిపోయి పెళ్ళిళ్ళు కూడా అయ్యేట్టున్నాయి" అన్నాడు. అందరూ నవ్వారు.

"వాళ్ళ నాన్న పంపిన మనిషనుకున్నానమ్మా" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. పక్కనున్న బల్ల చూపించి కూర్చోమంది. కాసేపటికి తనే వచ్చి, కరెంటు బిల్లూ మీ అమ్మ గుర్తింపు కార్డూ చూసి చిరునామా సంగతి సరిచేసింది. హమ్మయ్య అనుకుంటుంటే, "ఇంకొకటుంది తాతగారూ" అంది. మీ అమ్మకీ మీ నాన్నకీ విడాకులు లేవు కాబట్టి ఆయన సంపాదన కూడా లెక్కలోకి వస్తుందట. పాత కాలేజీలో ఇవన్నీ ఒకసారి ఇచ్చాం కదమ్మా అన్నాను.

"అది పాత కాలేజీ. కొత్త కాలేజీ లెక్కలో మీ మనవరాలు నిన్ననే పుట్టింది" అంది. "తండ్రి దగ్గర సంతకం పెట్టించి తీసుకురండి. లేదంటే ఆయన ఎక్కడున్నాడో మీకు తెలియదని మీరే ఇక్కడ సంతకం పెట్టండి. అయిపోతుంది."

కాగితం నా ముందు పెట్టి పెన్ను కూడా చేతికిచ్చింది. ఎంత సులువైన పని. ఇంత సులువుగా ఎందుకిస్తోంది, నన్ను పరీక్షిస్తోందా అని కూడా అనిపించింది. పెన్ను పట్టుకుని కూర్చున్నాను. తర్వాత, తెలిసి తెలియదని రాయలేనమ్మా అన్నాను. ఆవిడ ఆ కాగితం తీసుకుని, తండ్రి సంతకం పెట్టాల్సిన కాగితం ఇచ్చింది.

అవును, నాకు తెలుసు. మీ అమ్మకి కూడా చెప్పని సంగతి ఇది. నువ్వు అక్కడికి వెళ్ళిన కొత్తలో మీ నాన్న ఇంటికి వచ్చాడు. చిక్కిపోయాడు. "పిల్ల ఎక్కడ మావయ్యా?" అన్నాడు. తెలియదన్నాను. తలుపు వేసేశాను. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. ఈసారి తలుపు తీయలేదు, కిటికీలోంచే తెలియదన్నాను. "నేను ఐసు ఫ్యాక్టరీలో చేస్తున్నాను, బస్టాండు వెనక. ఒక్క మాట దానికి చెప్పండి" అని వెళ్ళిపోయాడు. నేను చెప్పలేదు. నీ కొత్త సాయం వాసన పట్టి వచ్చాడనే అనుకున్నాను.

ఆ ఐసు ఫ్యాక్టరీకే వెళ్ళాను. లోపలంతా చలి, నేలంతా తడి. పెద్ద పెద్ద ఐసు దిమ్మల మీద గోనెపట్టాలు కప్పుతున్నాడు. నన్ను చూసి కొక్కెం కింద పెట్టి, "పిల్ల బాగుందా?" అన్నాడు. బాగుందని చెప్పి కాగితం ఇచ్చాను. చేతులు చొక్కాకి తుడుచుకుని చదివాడు. నానీ నానీ వేళ్ళు ముడతలు పడి ఉన్నాయి. కాగితంలో ఉన్నది రెండే ముక్కలు. కూతురి చదువుకి నేనేమీ ఇవ్వడం లేదు, ఇవ్వలేను, అని.

చాలాసేపు చదివాడు. "ఇవ్వడం లేదన్నది నిజమే" అన్నాడు. "ఇవ్వలేను అన్నది కొట్టేయండి మావయ్యా."

"ఎందుకు?"

"కొంచెం ఇవ్వగలను. నెలనెలా. అది చెబుదామనే రెండుసార్లొచ్చాను."

నేను అతని మొహంలోకి చూశాను. మనిషి మాట నిజమో అబద్ధమో మొహంలో తెలుస్తుందంటారు. నాకు ఏమీ తెలియలేదు. మొదటి ఏడాది నీ డబ్బు పట్టుకెళ్ళే ముందురోజు కూడా ఇదే మొహంతో మన ఇంట్లో కూర్చుని టీ తాగాడు.

"కొట్టేస్తే సాయం రాదు" అన్నాను.

"కొంచెం తగ్గిస్తారేమో గానీ..."

"తగ్గించరు. అసలు రాదు."

నిజానికి అది నాకు తెలియదు. ఆఫీసులో ఆవిడని నేను అడగలేదు. అడగని మాటని తెలిసినట్టు చెప్పాను.

అతను కాగితాన్ని గోడకి ఆనించి సంతకం చేశాడు. తడి తగిలి ఒక అక్షరం కాస్త అలుక్కుపోయింది. నీ చిరునామా అడుగుతాడని దారంతా జవాబు సిద్ధం చేసుకుని వెళ్ళాను. అడగలేదు. అడగకపోవడమే నాకు అనుమానమేసింది. బయటికొచ్చి బస్సెక్కాక కాగితం మళ్ళీ తీసి చూశాను. పైన నీ కాలేజీ పేరు, ఊరు, అన్నీ పెద్ద అక్షరాల్లో అచ్చువేసి ఉన్నాయి. ఇన్నాళ్ళూ తలుపు వేసి దాచిన సంగతి నేనే తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టాను.

కాగితం ఆఫీసులో ఇచ్చేశాను. ఆవిడ అలుక్కుపోయిన అక్షరం చూసి, "ఇందులో ఉన్నదంతా నిజమేనా తాతగారూ?" అంది. నిజమే అన్నాను. ముద్ర వేసింది. నెలాఖరులోపే మంజూరవుతుందని చెప్పింది. నీ సీటు ఎక్కడికీ పోదు, దిగులుపడకు. అన్నం సరిగ్గా తిను.

మీ అమ్మకి నేనే చెబుతాను. ఈ ఆదివారం తనకి సెలవు. నువ్వు ముందుగా ఏమీ రాయకు.

మీ నాన్న అక్కడికి వస్తాడు. ఆ సంగతిలో మాత్రం నాకు అనుమానం లేదు. చూడాలో వద్దో నీ ఇష్టం, చిన్నపిల్లవి కాదు. అతను ఇవ్వగలనన్నది అబద్ధమైతే మనకి పోయిందేమీ లేదు. నిజమైతే, ఒక తండ్రి చేత ఇవ్వలేనని రాయించుకొచ్చింది నేను. అతను నెలనెలా ఎంత ఇవ్వగలడో, ఎందుకు ఇస్తానంటున్నాడో, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా వచ్చేశాను. ఎదురుపడితే నువ్వు అడుగు. నీకు అడగడం వచ్చు.

ఇట్లు,
నీ మంచి తప్ప వేరే ఏమీ కోరని
తాతయ్య