గడప దగ్గర వేసిన కేక

కైరో, ఆదివారం

నాన్నా, నీ చేతులు ముద్దాడి షహాత రాసుకునేది.

సూయజ్‌లో అక్క నీకు రోజూ చేపలే వండిపెడుతోందట, హాయిగా తిను. నాకు మాత్రం మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు. ఎందుకో రాస్తాను, అంతా చదివాకే తిట్టు.

గురువారం మధ్యాహ్నం దర్బుల్ అహ్మర్‌లో మూడంతస్తుల పాత ఇల్లు అంటుకుంది. ఆ సందులు నీకు తెలియనివా! ఫైరింజను సందు మొదట్లోనే ఇరుక్కుపోయింది. గొట్టం భుజానేసుకుని పరుగెత్తబోయేలోపే జనం అందుకున్నారు. కాఫీ కొట్టువాడు, ఇస్త్రీవాడు, స్కూలు సంచులతో ఆడపిల్లలు, అందరూ చేయీ చేయీ మార్చుకుంటూ ఇంటిదాకా చేర్చేశారు. ఎదురు బాల్కనీల్లో ఆడవాళ్లు బకెట్లకొద్దీ నీళ్లు విసురుతున్నారు. అందులో ఒకావిడ, "మీసాలు దువ్వుకుని తీరిగ్గా వచ్చారా నాయనా? చచ్చిపోయిన మా తాత మీకంటే ముందొచ్చేవాడు!" అని అరిచింది. పదకొండేళ్లుగా చూస్తున్నా నాన్నా, నిప్పుకి జనం ఇలా ఎదురు నిలబడటం చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

పై అంతస్తులో ఇనాయాత్ అనే ముసలావిడ ఒక్కతే ఉంటుందన్నారు. మెట్లెక్కి మా జాబిర్ గొడ్డలితో ఆవిడ వాటా తలుపు పగలగొట్టాడు. లోపలంతా నల్లటి పొగ. అప్పుడు నేనేం చేశానో తెలుసా? గడప మీద ఆగిపోయాను. ఆగి, "యా సాతిర్!" అని కేకవేశాను. ఎవరింటి గడప తొక్కినా ముందు పరువు కప్పి కాచే ఆ దేవుణ్ణి తలుచుకుని కేకవెయ్యమని, ఆడవాళ్లు తలగుడ్డ సర్దుకునేదాకా ఆగమని చిన్నప్పుడు నా చెవి మెలేసి నేర్పింది నువ్వే. ఇల్లు తగలబడుతుంటే నేను మర్యాదస్తుడిలా నిలబడ్డాను! వెనకనుంచి అఫీఫీ కెప్టెను వీపు మీద ఒక్కటిచ్చాడు. "ఒరేయ్, పెళ్లిచూపులకొచ్చావా? లోపలికి పోరా!"

స్నానాలగది గడప దగ్గర పడి ఉందావిడ. రెండు చేతులూ కాలిపోయాయి. ఇంకా కళ్లు తెరవలేదు. నేను ఆగకపోయుంటే ఆ చేతులు కాలేవి కావేమో. స్టేషన్లో అంతా నన్ను "సాతిర్ గారూ, లోపలికి రావచ్చా?" అని ఆటపట్టిస్తున్నారు. వాళ్లకది సరదా, నాకు ప్రాణాంతకం. బావ బట్టల కొట్లో చేరిపోతాను నాన్నా, ఈ ఉద్యోగం నావల్ల కాదు. శనివారం రాజీనామా ఇచ్చేస్తున్నాను.

నీ పనికిమాలిన కొడుకు,
షహాత

సూయజ్, బుధవారం

ఒరేయ్ షహాతా,

తిట్టడానికే కలం పట్టాను, కానీ ముందు తిట్లు తినవలసింది నేను. మీ అమ్మక్కూడా చెప్పని మాట ఒకటుంది.

నువ్వు పుట్టిన ఏడాది షుబ్రాలో ఒక ఇల్లు అంటుకుంది. అప్పటికి నాకు దూకుడెక్కువ. కేకా గీకా లేకుండా తలుపు తన్ని లోపలికి దూకాను. ఎదురుగా తడి జుట్టుతో ఒక పిల్ల. పదహారేళ్లుంటాయేమో. నన్ను చూడగానే సిగ్గుతో మళ్లీ లోపలికి పరుగెత్తి గడియ వేసుకుంది. ఆ తలుపు మేం పగలగొట్టేసరికి అంతా అయిపోయింది. అప్పట్నించీ రిటైరయ్యేదాకా ఒక్క గడప కూడా కేకవెయ్యకుండా తొక్కలేదు. నీ చెవి మెలేసింది కూడా అందుకే.

అయితే మంటల్లో నేనెప్పుడూ ఆగలేదురా. నోరు పిలుస్తుంటే కాలు నడిచేది. ఆ ముక్క నీకు చెప్పాలంటే ఆ పిల్ల సంగతీ చెప్పాలి, నాకు నోరు రాలేదు. నీకు సగం విద్యే నేర్పాను. రాజీనామా ఇచ్చేముందు ఆస్పత్రికి వెళ్లు. ఆవిడ తిడితే పడు. బావ కొట్టు ఎక్కడికీ పోదు.

మీ నాన్న,
మిత్వల్లీ

కైరో, శుక్రవారం

నాన్నా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకునే ఆస్పత్రికి వెళ్లాను. ఆవిడకి తెలివొచ్చింది! చేతులకి మోచేతులదాకా కట్లు, నోరు మాత్రం గలగలా ఆడుతోంది. నా పేరు చెప్పి తలొంచుకుని నిలబడ్డాను. గడప దగ్గర ఆగిన సంగతి దాచకుండా చెప్పాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఆ కేకేసింది నువ్వా? ఎంత లావు గొంతురా నీది!" అంది. తర్వాత చెప్పింది. తల మీద గుడ్డ లేదట. మంటకి జడిసి ముందే స్నానాలగదిలోకి పోయి గడియ పెట్టుకుందట; తలుపు పగులుతున్న చప్పుడు విన్నా, మగవాళ్లు వస్తున్నారని తియ్యలేదట. "పొగకి చచ్చినా సరే, గుడ్డ లేని తలతో పరాయివాడి కంటపడనని ఒట్టు పెట్టుకున్నాను. ఈలోగా 'యా సాతిర్' అని వినబడింది. ఇంత నిప్పులోనూ నా పరువు చూసేవాడొచ్చాడు, ఇంకేం భయం అనుకున్నాను. తువ్వాలు నెత్తినేసుకుని గడియ పట్టుకున్నాను. ఇనప గడియ, ఎర్రగా కాలి ఉంది. ఒకచేత్తో రాలేదు, రెండు చేతులా లాగాను."

నేను కాల్చాననుకున్న చేతులవి. నా కేకని నమ్మి, కాలుతున్న ఇనుమును పట్టుకుని లాగిన చేతులు! ఆ తలుపు మూసే ఉంటే ఆ పొగలో మేం దాన్ని గోడే అనుకుని దాటిపోయేవాళ్లం. ఎన్నో మంటలు చూశాను కానీ, ఇలాంటి మనిషిని చూడలేదు.

నీ షుబ్రా పిల్ల సంగతి కూడా చెప్పాను, కోప్పడకు. అంతా విని ఆవిడ, "ఆ పిల్ల పేరు కనుక్కుని చెప్పమను మీ నాన్నని. నమాజులో తలుచుకుంటాను. ఆయన ఒక్కడే ఎన్నాళ్లు మోస్తాడు?" అంది. నాన్నా, నీకు పేరు తెలిసే ఉంటుంది. రాసి పంపు.

రేపు పొద్దున డ్యూటీకి వెళ్తున్నాను. బావకి నువ్వే చెప్పు.

సెలవు తీసుకుని లేచేసరికి ఆవిడ తలగుడ్డ జారి తెల్లజుట్టు బయటపడింది. నేను చటుక్కున కళ్లు దించుకుని, నర్సును పిలవడానికి తలుపువైపు తిరిగాను. "నర్సెందుకురా?" అంది. "నా చేతులు ఇట్లా ఉన్నాయి కదా. నువ్వే సర్దు, కొడకా."

సర్దాను నాన్నా.

నీ కొడుకు,
షహాత