పొక్కులు ఎండేదాకా

ఫిబ్రవరి 5, 2024. సోమవారం

జేబాకు నిన్న రాత్రి నుంచి జ్వరం. పొద్దున స్నానం చేయిస్తుంటే వీపు మీద నీటి పొక్కులు కనిపించాయి. దవాఖానకు ఎత్తుకెళ్లాను. డాక్టరమ్మ చూడగానే ఆటలమ్మ అంది. పొక్కులన్నీ ఎండి నల్లబడేదాకా బడికి పంపొద్దంది. కడుపుతో ఉన్నవాళ్లను దగ్గరికి రానివ్వొద్దంది.

శనివారం యాన్యువల్ డే. రెండో తరగతి డాన్స్‌లో నా బిడ్డ ముందు వరుస. చీరల ఫాల్స్ కుట్టే పని పక్కన పెట్టి మరీ ఆకుపచ్చ లంగా కుట్టాను. పోవడం లేదని చెప్పగానే గోడవైపు తిరిగి పడుకుంది. నాతో మాట్లాడటం లేదు.

మాట్లాడకపోనీ.

ఫిబ్రవరి 6

ప్రిన్సిపాల్ కమలాకర్ సార్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పాను. "గింతదానికే ఆపుతరా అమ్మా? ఫుల్ హ్యాండ్స్ వేసి, జర పౌడర్ కొట్టి పంపుండ్రి. చీఫ్ గెస్ట్ వస్తాండు, వరుసల ఖాళీ కనవడొద్దు" అన్నాడు. పంపనన్నాను. అట్లయితే ఎవరికీ చెప్పకుండ్రి, పిల్లల తల్లులు భయపడతరు అన్నాడు.

బడితో పేచీ ఎందుకని మా అత్తమ్మ గొణిగింది. నవీద్ ఎప్పటిలాగే నీ ఇష్టం అన్నాడు. పెళ్లయినప్పటి నుంచీ ఏది అడిగినా మా ఆయన జవాబు అదే. సరే, నా ఇష్టం.

అదే రోజు, సాయంత్రం

జేబా నోరు విప్పింది, పోట్లాడటానికే అయినా. "మొన్న సంక్రాంతి సెలవులైనంక స్నిగ్ధకు గూడ గిట్లనే అయింది. అది రోజూ వచ్చింది గదా."

స్నిగ్ధ దీని పక్కనే కూర్చుంటుంది. గుచ్చి గుచ్చి అడిగాను. ఎండ కొడుతుంటే కూడా స్వెటర్ విప్పలేదట. ప్రిన్సిపాల్ సారే విప్పొద్దన్నాడట.

అంటే ఆయనకు ముందే తెలుసు.

అప్పుడు కోమల మేడం గుర్తొచ్చింది. వీళ్ల క్లాస్ టీచర్. ఆరో నెల. వెంటనే ఫోన్ చేశాను. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. "నాకు చిన్నప్పుడు అయిందో లేదో ఎరుక లేదు. అడుగుదామంటే మా అమ్మ లేదు" అంది. రేపు బడికి కాదు, డాక్టర్ దగ్గరికి పొండ్రి అన్నాను. సార్ లీవ్ ఇయ్యడంది.

"అడగకుండ్రి మేడం. పోకుండ్రి, అంతే."

ఫిబ్రవరి 7

క్లాస్ గ్రూపులో రాశాను. క్లాసులో ఆటలమ్మ ఉంది, జ్వరమో పొక్కులో ఉన్న పిల్లల్ని ఇంట్లోనే ఉంచండి, అని. టీ తాగి చూసేసరికి మెసేజ్ లేదు. నన్నూ గ్రూపులోంచి తీసేశారు.

జేబాను అత్తమ్మకు అప్పగించి బడి విడిచే టైముకు గేటు దగ్గర నిలబడ్డాను. నాకు చిన్నప్పుడే అయింది, కనుబొమ్మ మీద మచ్చ ఉంది. వచ్చిన తల్లికి వచ్చినట్టు చెప్పాను. ఒకామె బిడ్డ చొక్కా అక్కడే ఎత్తి చూసుకుంది. ఇంకొకామె, పండుగలాంటి రోజు ముంగట ఇదేం లొల్లి అని నా మీదే విసుక్కుంది. ప్రిన్సిపాల్ బయటికొచ్చాడు.

"బడిని బద్నాం చేస్తున్నవ్. టీసీ ఇస్త, తీస్కపో."

"ఇయ్యుండ్రి సార్. ఎందుకు ఇచ్చిన్రో గూడ అండ్లనే రాయుండ్రి."

అందరూ ఆయన వైపే చూశారు. లోపలికి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి జేబా పొక్కులకు మందు పూశాను.

ఫిబ్రవరి 9

కోమల మేడం రక్తపరీక్ష రిపోర్టు మహబూబ్‌నగర్ నుంచి వచ్చింది. ఆమెకు ఆటలమ్మ ఎప్పుడూ కాలేదు. మందులు మొదలుపెట్టారు. ఇంకో మూడు వారాలు కనిపెట్టుకుని ఉండాలట.

స్నిగ్ధ నుంచో, జేబా నుంచో ఆమెకు ఇప్పటికే అంటి ఉంటే?

అత్తమ్మ నమాజు చేసి కోమల పేరు చెప్పి దువా చేసింది. నేను అడగలేదు.

ఫిబ్రవరి 10

యాన్యువల్ డే. రెండో తరగతి డాన్స్‌కు సగం మంది రాలేదట. జేబా ఇంట్లోనే లంగా కట్టుకుని, ఒంటి నిండా గులాబీ రంగు మందుతో మొత్తం డాన్స్ చేసింది. చీఫ్ గెస్ట్ అత్తమ్మ.

ఫిబ్రవరి 16

పొక్కులన్నీ ఎండాయి. కొత్తవి లేవు. బడికి పంపాను. టీసీ ఊసు ఎవరూ ఎత్తలేదు.

మార్చి 4

కోమల మేడం ఫోన్ చేసింది. గడువు దాటింది. ఒంటి మీద ఒక్క పొక్కు లేదు. స్కానింగ్‌లో లోపల బిడ్డ బాగుందట. కాన్పయినంక గా బడికి మాత్రం పోను అంది.

సార్ ఆమెకు ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. నేను గేటు దగ్గర ఇంకా గట్టిగా అరవాల్సింది.

మార్చి 11

జేబాకు ముక్కు కారుతోంది. జ్వరం లేదు, రెండు రొట్టెలు తిన్నది. ఇంట్లో ఉంటానని ఏడ్చింది. పంపాను. పదకొండింటికి ప్రిన్సిపాల్ ఫోన్. పాప తుమ్ముతాంది, వచ్చి తీస్కపొండ్రి అని.

వట్టి జలుబు సార్, ఉండనియ్యుండ్రి, అన్నాను.