చెట్టుకో పొట్లం

ఫిబ్రవరి 3
పెట్టెలో ముప్పై ఒక్క పురుగులు. కావలసినవి నలభై. గడువు పదిహేనో తేదీ. మా జువాలజీ సార్‌కి నచ్చితే వేసవిలో కీటకాల సర్వేకి తీసుకుంటారు. నచ్చకపోతే మామయ్య పురుగుమందుల షాపులో కౌంటరు. పురుగులకి పేర్లు రాయడమో, వాటి చావు అమ్మడమో... జువాలజీ డిగ్రీకి దేవుడు తెరిచి ఉంచిన రెండు తలుపులు.

ఫిబ్రవరి 5
వినగడప రోడ్డు. పాత దోమతెరతో కుట్టిన వల. ఒక పెద్దాయన సైకిలు ఆపాడు. "ఏం పడుతున్నావయ్యా?"
"మిడతలండి."
"తింటారా?"
"లేదండి, గుండుసూది గుచ్చి పేరు రాస్తాం."
పెడలు మీద కాలేసి, "ఇంట్లోవాళ్లకి తెలుసా?" అని వెళ్లిపోయాడు.
ముప్పై నాలుగు.

ఫిబ్రవరి 8
రేపు మామిడి తోటకి మందు. పూత రసం పీల్చే తేనెమంచు పురుగు పట్టింది. రెండు రోజులు ఆగమని నాన్నని బతిమాలాను. "పూత ఆగుతుందా నీ కోసం?"
నా మిగతా ఆరు పురుగులకీ ముందస్తు సంతాపం.

ఫిబ్రవరి 9
మందు కొట్టి వచ్చిన నాన్న, తువ్వాలు విప్పి నా మంచం మీద న్యూస్‌పేపరు పొట్లాలు పోశాడు. "ఆరేగా కావాలి, చూసుకో." చెట్ల కింద పట్టా పరిచి ఏరాడట! నా చదువు కోసం నాన్న నడుం వంచడం ఇదే మొదలు. ఆ ఆవేశంలో అన్నీ విప్పి ఒకే పళ్లెంలో కుమ్మరించాను. కాగితాలు నీళ్లపొయ్యిలో.
ఆ నీళ్లతోనే స్నానం చేసి వచ్చాడు. "కాగితాలేవిరా? చెట్టుకో పొట్లం కట్టాను కదరా! వరుసా, చెట్టూ పెన్సిలుతో రాశా. ఏ చెట్టుదో రాయకపోతే పురుగు చెల్లదని నువ్వేగా అన్నావు!"
అన్నాను. ఆదివారం, అన్నం తింటూ. వింటున్నాడనుకోలేదు.

ఫిబ్రవరి 10
పళ్లెం నిండా చిరునామా లేని శవాలు. చీమలొచ్చాయి. అంత్యక్రియలు అవే చూసుకుంటున్నాయి.

ఫిబ్రవరి 11
నాన్న చొక్కా ఉతకబోతూ అమ్మ — "జేబులో ఇదేంట్రా?"
ఒక్క పొట్లం! 'మూడో వరుస, చివరి చిన్నరసం.' లోపల వేలిగోరంత పెంకుపురుగు. ఆకుపచ్చ వీపు, రెండు పసుపు చుక్కలు, ఒంటికన్నా పొడుగు మీసాలు. నా పుస్తకంలో లేదు.
లేబులు రాశాను. సేకరించినవారు — నాన్న పేరు. "నా పేరెందుకురా" అంటూనే కళ్లజోడు తెచ్చుకుని మరీ చదివాడు.

ఫిబ్రవరి 15
పెట్టె ఇచ్చాను. ముప్పై అయిదే. సార్ లెక్కపెడుతూ పెంకుపురుగు దగ్గర ఆగిపోయారు. లెన్సు తీశారు.
"ఎవరు పట్టారు?"
"మా నాన్నగారండి. మందు కొట్టి."
"ప్రాణంతో ఇంకోటి దొరుకుతుందా?"
ఫొటో పురుగుల గురించి బాగా తెలిసినవాళ్లకి పంపుతారట. సర్వే సంగతి ఆ తర్వాతట. కాదనలేదు — అది మాత్రం రాసిపెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 21
జవాబు లేదు. మామయ్య ఫోను — "కుర్రాడినెప్పుడు పంపుతావు బావా?" నాన్న — "పురుగు సంగతి తేలనీ."
తోటలో రెండో విడత మందు. అన్ని చెట్లూ తడిసి వాసన కొడుతున్నాయి. మూడో వరుస చివరి చిన్నరసం మాత్రం పొడిగా... కొమ్మ కదిలిస్తే తేనెమంచు పురుగు గుప్పున లేచింది.
"దీని పూత పోతుంది నాన్నా."
"ఒక్క చెట్టేగా. వల తెచ్చావా, లేదా?"