కింద పడ్డాక లేవడం

అక్కా,

ఈరోజు వంటింట్ల కాలు జారి పడ్డ. పరేషాన్ కాకు, బాగనే ఉన్న.

పడంగనే నువ్వే యాదికొచ్చినవ్. బాత్రూంల పడి, తెల్లారి పాలాయన తలుపు కొట్టేదాకా నువ్వు నేల మీదనే ఉన్నవ్. ఆ తర్వాత మంచం దిగనే లేదు. నువ్వు పోయినంక నేను లాలాగూడ చర్చి హాల్ల మాలాంటి పెద్దోళ్లకు ఎక్సర్‌సైజులు నేర్పే సునీత దగ్గర చేరిన. పడితే ఎట్ల లేవాల్నో సుత ఆ పిల్లనే నేర్పింది.

"ఆంటీ, గాబరాగా లేవొద్దు. ముందు ఊపిరి తీసుకోండి, ఎక్కడన్నా నొప్పుందా చూసుకోండి" అనేది.

అట్లనే చేసిన. నొప్పి లేదు. పక్కకు తిరిగి, మోకాళ్ల మీదికొచ్చి, మెల్లగ కుర్చీ దాకా పాకిన. కుర్చీ గట్టిగ పట్టుకుని, ఒక కాలు ముందు పెట్టి లేచిన. అందుల్నే కూసోని, "అక్కా, లేచిన" అని పైకే అన్న. ఇంట్ల ఎవరూ లేరు.

సునీతకు ఫోన్ చేసి చెప్తే, "వచ్చే క్లాసులో మీరే చూపించండి ఆంటీ" అన్నది. జెర సిగ్గయితది గానీ చూపిస్తా. అందరి ముందు నేల మీద పడుకుని, నీ పేరు చెప్పి షురూ చేస్తా.

నీ చెల్లె,
మేరీ