ఆ రోజు బ్రేకు పట్టింది

నాచారం నివాసి, స్వర్గీయ తాళ్లపల్లి లింగయ్య కుమారుడు, అరవై ఎనిమిదేళ్ల వయసు గల తాళ్లపల్లి ఉప్పలయ్య అను నేను నా ఇష్టపూర్వకంగా చెప్పి రాయిస్తున్న వీలునామా. నా రెండు కళ్లకూ చూపు దాదాపు పోయింది. జ్ఞాపకం పోలేదు, బుద్ధి చెదరలేదు. ఎవరి ఒత్తిడీ, ఎవరి ప్రలోభమూ నా మీద లేవు. ఈ నెల పద్దెనిమిదిన నా గుండెకు ఆపరేషన్ ఉన్నది. బల్ల మీది నుంచి లేస్తానో లేదో డాక్టర్లే చెప్పలేకపోతున్నారు. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా ఏకైక కూతురు మానసది.

1. ఇల్లు. ముప్పై ఒక్క ఏళ్లు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసి నాచారంలో కట్టుకున్న నూట ఇరవై గజాల ఇంటిని నా భార్య వెంకటనర్సమ్మ జీవితాంతం అనుభవించాలి. తర్వాత అది మానసకు సర్వహక్కులతో చెందాలి. వెంకటనర్సమ్మ పడుకునే గదిలో ఫ్యాను కీచుమంటుంది. ఆమె ఎన్నడూ మార్చమని అడగలేదు. చూపు పోయాకే నాకు ఆ చప్పుడు వినిపించింది. దాన్ని నా ఆపరేషన్‌కు ముందే మార్చాలి.

2. నోటుబుక్కు. ఇది నా ఆస్తి కాదు, అయినా రాయించాలి. 2004 నుంచి నెలకొక ఆదివారం నేను, నా స్నేహితులు కొమురెల్లి, త్రిమూర్తులు ముగ్గురం నా 1976 మోడల్ పద్మిని కారులో షికారు పోయేవాళ్లం. కొమురెల్లి బస్సు డిపోలో మెకానిక్‌గా రిటైరై మల్లాపూర్ దారిలో చిన్న షెడ్డు పెట్టుకున్నాడు. త్రిమూర్తులు తణుకు నుంచి వచ్చి ఉప్పల్‌లో స్థిరపడిన బ్యాంకు గుమస్తా. ఆయనకు కారు నడపడం రాదు, కార్లంటే మాత్రం ప్రాణం. వరంగల్ హైవే ఎక్కకూడదు, నలభై దాటకూడదు అనేవి మా నియమాలు. రాష్ట్రం మాట కారులో ఎత్తకూడదన్నది 2009 డిసెంబరు తర్వాత చేర్చుకున్నాం. వాళ్లిద్దరికీ ఆ ఒక్క విషయంలోనే పడేది కాదు. టీకొట్టు దగ్గర దిగి, తనివితీరా వాదించుకుని, మళ్లీ ఎక్కేవాళ్లు.

దారులు వెతకడం త్రిమూర్తులు పని. ప్రతాపసింగారం, కొర్రెముల, ఏదులాబాదు మీదుగా పోయే ఊరిదారులన్నీ గుండ్రటి అక్షరాలతో నోటుబుక్కులో గీసి పెట్టేవాడు. ‘ఇక్కడ రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, నెమ్మది.’ ‘ఈ మలుపు తర్వాత భువనగిరి గుట్ట కనిపిస్తుంది, ఆగాలి.’ ఇట్లా రాసేవాడు. ఆయన పోయిన తర్వాత ఆ పుస్తకం ఇరవై నెలలు నా దగ్గరే ఉండిపోయింది. ఆయన భార్య రాజ్యానికి ఈ నెల ఏడున తిరిగి ఇచ్చాను. దాని మీద నా వారసులకు ఏ హక్కూ లేదు.

3. వాంగ్మూలం. ఈ వీలునామా రాయించడానికి అసలు కారణం ఇదే.

2011 నవంబరులో కంటి డాక్టరు నాకు గ్లకోమా అనే నీటికాసుల జబ్బు ముదిరిందని, పక్కచూపు పోయిందని, ఇక కారు నడపవద్దని కాగితం మీద రాసిచ్చాడు. నేను ఆ కాగితాన్ని బీరువాలో చీరల కింద దాచాను. ఆదివారం స్టీరింగు పట్టకపోతే నేనెవరినని అనిపించింది. ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత రెండుసార్లు నడిపాను. ఎడమ పక్క గేదె వస్తున్నదనో, సైకిలు వస్తున్నదనో త్రిమూర్తులు మాటల మధ్యలో చెప్పేవాడు. ఆయన కళ్లతో నెట్టుకురావచ్చని అనుకున్నాను.

2012 ఫిబ్రవరి 19, ఆదివారం. మోదుగులు పూశాయని ఏదులాబాదు దాటి పోయాం. ఉదయం తొమ్మిదిన్నర. త్రిమూర్తులు నా పక్కన, కొమురెల్లి వెనక కూర్చున్నారు. దారి సన్నగా ఉంది. కుడివైపు చేనుగట్టంతా ఎర్రగా పూసి ఉంటే త్రిమూర్తులు అటు తిరిగి చూస్తున్నాడు. ఎడమ పక్క కల్వర్టు గోడ ఉంది. నాకు కనిపించలేదు. చక్రం గోడకు తగిలిన తర్వాతే బ్రేకు తొక్కాను. ఆ రోజు బ్రేకు పట్టింది. తొక్కగానే పట్టింది. తొక్కడమే ఆలస్యమైంది. కారు ఎడమ పక్కకు కల్వర్టులో పడింది. త్రిమూర్తులుకు తుంటి, పక్కటెముకలు విరిగాయి. పదకొండు రోజులు దవాఖానాలో ఉండి చనిపోయాడు.

చేన్లోంచి జనం ఉరికి వచ్చి ఏమైందని అడిగారు. బ్రేకు పడలేదని నా నోటి నుంచి వచ్చింది. ఆలోచించి అన్న మాట కాదు. కానీ ఆ తర్వాత ఆలోచించే దాన్ని నిలబెట్టాను. రెండు రోజుల ముందే ఆ బ్రేకులు బాగు చేసింది కొమురెల్లి. నొసటి నుంచి రక్తం కారుతుండగా గట్టు మీద కూర్చుని నా వైపు చూశాడు. పోలీసులకూ అదే చెప్పాను, రాజ్యానికీ అదే చెప్పాను. నెల తిరక్కుండా కొమురెల్లి షెడ్డు మూసేశాడు. త్రిమూర్తులు పెద్దకర్మ రోజున అందరి ముందు రాజ్యం కాళ్ల మీద పడ్డాడు. నేను పందిట్లో నిలబడి చూస్తూ ఉన్నాను.

ఈ వాంగ్మూలం నకలు ఒకటి పోలీసు స్టేషనులో ఇవ్వాలి. నేను బతికి లేస్తే నేనే తీసుకుపోతాను.

4. నా తమ్ముడు మొగిలయ్య. ముసలోళ్లకు కారు షికార్లేందని ఎనిమిదేళ్లు మమ్మల్ని నవ్వులపాలు చేశాడు. అది నేను మరవలేదు. నేను మెల్లగా చెప్పిన అబద్ధాన్ని నాచారం చౌరస్తా నుంచి మల్కాజిగిరి దాకా గట్టిగా చెప్పింది కూడా వాడే. అయితే అన్నను నమ్మడం వాడి తప్పు కాదు. నా చేతిగడియారం వాడికి ఇవ్వాలి. ఒక షరతు మీద. ఎక్కడెక్కడ కొమురెల్లి పేరు తీశాడో అక్కడికల్లా పోయి, తప్పు మా అన్నదని చెప్పి రావాలి. చెప్పకపోతే గడియారం లేదు.

5. ఈ నెల ఏడున జరిగినది. నేను పోయిన తర్వాత విప్పి చదవాలని మొదట ఇదంతా మానసతో రాయించాను. అది సగం రాసి కలం పెట్టేసింది. “నువ్వు పోయినంక సదివితే కొమురెల్లి మామకు ఏం ఒరుగుతది నాయినా?” అన్నది. మిగతాది కూడా రాయి, బతికుండగానే చదివి వినిపిద్దాం అన్నాను.

ఏడో తారీఖు పొద్దున రాజ్యం ఇంటికి పోయాం. కొమురెల్లిని అక్కడికే పిలిపించాం. మానస చదివింది. గదిలో ఎవరి ముఖమూ నాకు తెలియలేదు. చదవడం అయిపోయాక కొమురెల్లి మాట్లాడాడు.

“నాకెరుకనే ఉప్పలన్నా. వారంలనే ఆ బండి కిందికి దూరి సూసిన. బ్రేకు మంచిగనే ఉండె. నువ్వే చెప్తవని ఆగిన.”

మరి ఆమె కాళ్ల మీద ఎందుకు పడ్డావని అడిగాను.

“అప్పుడన్నా నువ్వు నోరిప్తవని పడ్డ,” అన్నాడు.

లేచి వెళ్లిపోయాడు. గేటు దాకా చెప్పుల చప్పుడు విన్నాను. ఆ తర్వాత మూడుసార్లు మానసను పంపాను. తలుపు తీసి, మంచినీళ్లిచ్చి, నా పేరు ఎత్తకుండా పంపించాడు. ఆపరేషన్‌కు ఏడు రోజులే ఉన్నది. నాకు ఇంకే దారీ తోచడం లేదు.

6. కారు, పనిముట్లు. పెరట్లో టార్పాలిన్ కింద ఉన్న పద్మిని, నా స్పానర్ల పెట్టె కొమురెల్లికి చెందాలి. బాగు చేసుకుంటాడో, తుక్కుకు వేస్తాడో ఆయన ఇష్టం. అసలు వద్దన్నా ఎవరూ బతిమాలకూడదు. తీసుకుంటే నన్ను మన్నించాడని ఎవరూ అనకూడదు.

7. నా అంత్యక్రియలకు కొమురెల్లి వస్తే, పాడె మోయాలనుకుంటే, ముందు వైపు చోటివ్వాలి. రాకపోతే నా వాళ్లెవరూ ఒక్క మాట అనకూడదు.

8. రాజ్యం. బ్యాంకులో నా పేరున ఉన్నదంతా ఆమెకు రాయబోతే ఆమె ఆపింది. “నాకేమీ వద్దు అన్నయ్యగారూ. క్షమించానని కూడా అనలేను. సాక్షి సంతకం మాత్రం నేనే పెడతాను. ఈ మాట మళ్లీ మారకూడదు,” అన్నది. అందువల్ల ఆ సొమ్ము వెంకటనర్సమ్మకే చెందాలి.

పైన రాసినదంతా నాకు రెండుసార్లు చదివి వినిపించారు. ఒక్క అక్షరం కూడా తీసివేయమని నేను అడగలేదు. గీత ఎక్కడున్నదో కనిపించదు గనక, మానస నా వేలును గీత మీద పెట్టగా సంతకం చేస్తున్నాను.

ఉప్పల్, 2013 నవంబరు 11, సోమవారం.

(సంతకం) తాళ్లపల్లి ఉప్పలయ్య

రాసినవారు: ఉపేందర్, దస్తావేజు లేఖరి, ఉప్పల్

సాక్షులు:
1. సత్యనారాయణమూర్తి, రిటైర్డ్ టీచరు, పక్కింటివారు, నాచారం
2. రాజ్యం, భర్త స్వర్గీయ త్రిమూర్తులు, ఉప్పల్