రెండోసారి అడగని మిఠాయి

హారిస్‌డేల్, పెర్త్

ప్రియమైన అక్కకు,

ముందుగా నీకూ బావగారికీ నా దణ్ణాలు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. కడుపులో ఉన్న మూడో మనిషి కూడా బాగానే ఉన్నట్టు మొన్న స్కానింగులో చెప్పారు. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? మన బుజ్జిగాడు పుస్తకం చూస్తున్నాడా, ఫోన్ చూస్తున్నాడా? పిన్ని అడిగిందని వాడితో చెప్పు.

వాట్సాప్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటావు. ఫోనులో నా నోరు నా మాట వినదు, అందుకని రాస్తున్నాను. పోయిన ఆదివారం నువ్వు పురిటికి రమ్మంటావా అని అడిగావు. నేను వద్దులే అక్కా, బుజ్జిగాడి ఎంట్రన్సు పరీక్షలు కదా, మేం ఎలాగో చూసుకుంటాం అన్నాను. నువ్వు "సరేలే అయితే" అనేసి, వంకాయల ధర గురించి నాలుగు మాటలు చెప్పి పెట్టేశావు. ఆ "సరేలే" విన్న దగ్గర్నుంచీ నాకు ఒళ్ళు మండిపోతోంది. నీ మీద ఎంత మంటో నా మీదా అంతే. ఎందుకో చెప్పాలంటే మా ఆఫీసు మిఠాయిల సంగతి చెప్పాలి. నవ్వకుండా చదువు.

మా అకౌంట్స్ సెక్షన్‌లో రోసా అని ఒకావిడ ఉండేది. అరవై దాటాయి. చిన్నప్పుడే అమ్మానాన్నలతో ఇటలీ నుంచి ఈ దేశం వచ్చేసింది. ప్రతి శుక్రవారం ఇంట్లో తన చేత్తో మిఠాయి చేసి తెచ్చి, టీ వేళకి అందరి సీట్ల దగ్గరికీ పళ్ళెం పట్టుకొచ్చేది. నేను ఉద్యోగంలో చేరిన మొదటి శుక్రవారం కానోలీ తెచ్చింది. అదెలా ఉంటుందంటే, మన గొట్టం కాజాయే అనుకో. అలాగే నూనెలో వేయించిన గొట్టం. పాకం బదులు లోపల పంచదార కలిపిన రికోటా అనే మెత్తటి చీజ్ కూరి, రెండు కొసలకీ పిస్తా పలుకులు అద్దుతారు. దాన్ని చూసేసరికి నాకు కాకినాడలో కొట్టు ముందు నిలబడ్డట్టే అయింది. నోరూరిపోయింది.

రోసా పళ్ళెం చాపి తీసుకోమంది. నేను "నో థాంక్స్, పర్లేదు" అన్నాను. ఎవరింటికి వెళ్ళినా పెట్టగానే చేయి చాపకూడదని, మూడోసారి అడిగితేగానీ ముట్టుకోకూడదని చిన్నప్పుడు నా తొడ గిల్లి మరీ నేర్పింది ఎవరు? నువ్వే కదా! ఆవిడ "ఓకే లవ్" అని, అంటే సరేనమ్మా అని, పక్క సీటుకి వెళ్ళిపోయింది. ఒక చుట్టు తిరిగి మళ్ళీ వస్తుందేమోనని కంప్యూటర్ వెనకనుంచి చూస్తూ కూర్చున్నాను. రాలేదు. ఖాళీ పళ్ళెం సింకులో కనిపించింది.

తర్వాతి శుక్రవారం మర్యాదా గిర్యాదా మానేసి మొదటి మాటకే తీసేసుకుందామని సిద్ధంగా ఉన్నాను. ఆ అవకాశమే ఇవ్వలేదు. సుధ స్వీట్లు తినదని రోసాయే అందరికీ చెప్పేసింది. అంతటితో ఆగినా బాగుండేది. అందరూ తింటుంటే నేను ఊరికే కూర్చుంటానని, నా కోసం క్యారెట్టు, కీరా ముక్కలు సన్నగా తరిగి వేరే పళ్ళెంలో తెచ్చి పెట్టింది. ఇక ప్రతివారం అదే వరస. పంచదార డబ్బాలో చేయి పెట్టి నీకు దొరికిపోయిన సుధ, కుందేలులా క్యారెట్లు కొరుకుతూ కూర్చునేది. పక్కన వాళ్ళు బాదం బిస్కెట్లు కరకరలాడిస్తుంటే నా ప్రాణం ఉసూరుమనేది.

దీనికి నీ మరిది ఇచ్చిన సలహా విను. "సింపుల్‌గా చెప్పెయ్ సుధా, ఐ లవ్ స్వీట్స్ అని. ఇందులో అంత బిగ్ డీల్ ఏముంది?" కిరణ్‌కి అన్నీ సింపులే. అంత ప్రేమగా ముక్కలు తరిగి తెచ్చే మనిషి మొహం మీద, నీ క్యారెట్లు నాకొద్దని ఎలా చెప్తాం? ఒక వారం గడిస్తే చెప్పడం కష్టం, రెండు వారాలు గడిస్తే ఇంకా కష్టం. అలా ఏడాది గడిచిపోయింది.

అందుకని శనివారాలు దొంగతనంగా ఫ్రీమాంటిల్ వెళ్ళేవాళ్ళం. అక్కడ ఇటలీ వాళ్ళ మిఠాయి కొట్టు ఒకటుంది. మడత కాజాలా పొరలు పొరలుగా విచ్చుకునే స్ఫోల్యతెల్లా అక్కడ అప్పుడే పొయ్యిలోంచి తీసి ఇస్తారు. పోర్చుగీసు వాళ్ళ కస్టర్డ్ టార్టులు, పోలండ్ వాళ్ళ జామ్ బూరెలు కూడా ఉంటాయి. ఆఫీసు వాళ్ళు ఎవరైనా చూస్తారేమోనని కారు సీటులో కిందికి జారి తినేదాన్ని. పెళ్ళయి ఉద్యోగం చేసుకుంటున్న ఆడది తినే తీరేనా ఇది? నెల తప్పాక మిడ్‌వైఫ్ మెత్తటి చీజులు ముట్టుకోవద్దంది. దాంతో కానోలీ కూడా పోయింది.

క్రిస్మస్ ముందు ఇంకోటి జరిగింది. రోసా మా సెక్షన్ ఆడవాళ్ళందర్నీ ఒక శనివారం ఇంటికి పిలిచింది. పండక్కి పిండివంటలు కలిసి చేసుకుంటారట. చిన్న చిన్న పిండి ఉండలు వేయించి తేనెలో దొర్లిస్తారు, మన బెల్లం గవ్వల్లాగే. అందర్నీ పిలిచాక నా సీటు దగ్గరికి వచ్చి, నీకు బోర్ కొడుతుందని నిన్ను పిలవలేదమ్మా అన్నట్టు నా భుజం తట్టింది. నేను మళ్ళీ ఆ పాడుమాటే అన్నాను, "పర్లేదు" అని. తర్వాత బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. ఆ ఉండల కోసం కాదక్కా. మూకుడు చుట్టూ నలుగురు ఆడవాళ్ళు చేరి, పిండి చుడుతూ కబుర్లు చెప్పుకునే ఇంట్లో ఒక్క పూట కూర్చోవాలనిపించింది. నాకు ఇక్కడ అలాంటి ఇల్లు ఒక్కటీ లేదు. గుళ్ళో కనిపించే మన ఆంటీలు ఏం కావాలన్నా అడుగమ్మా అంటారు. అడగడం వస్తే ఈ గొడవంతా ఎందుకు?

మొన్న శుక్రవారం రోసాకి ఆఫీసులో ఆఖరి రోజు. ఇక్కడ ఇది ఎండాకాలం, బయట నలభై డిగ్రీల ఎండ, లోపల ఏసీలో అందరం చేరాం. పెద్ద పళ్ళెం నిండా కానోలీ తెచ్చింది. నా పళ్ళెం కూడా మర్చిపోలేదు. వెళ్ళిపోయే రోజున కూడా తెల్లారే లేచి నాకు క్యారెట్లు తరిగింది చూడు, అక్కడ ఇంక ఆగలేకపోయాను.

"రోసా, నాకూ అవే కావాలి. నాకు స్వీట్లంటే ప్రాణం" అన్నాను.

రోసాకి కోపం వచ్చింది. మరి ఏడాదిగా ఈ గడ్డి ఎందుకు తిన్నావని నిలదీసింది. మా ఇళ్ళలో మొదటిసారి వద్దంటాం, రెండోసారీ వద్దంటాం, నువ్వు ఒక్కసారే అడిగావు అని చెప్పాను. ఆవిడ పళ్ళెం బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చుంది.

"మా అమ్మ కూడా అదే నేర్పింది. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఎవరేం పెట్టినా వద్దని, ఆకలితో ఇంటికి వచ్చేదాన్ని. తర్వాత నేనూ వీళ్ళలాగే అయిపోయాను. నిన్ను చూసినప్పుడైనా నాకు గుర్తు రావాల్సింది" అంది.

నేను చేయి చాపాను. ఆవిడ పళ్ళెం చటుక్కున వెనక్కి లాగేసింది. లోపల రికోటా ఉంది, కడుపుతో ఉన్నదానికి ఇవ్వను అంది. ఎలా ఉంది నా రాత? నోరు తెరిచి అడిగిన రోజున తినే యోగం లేదు. ఈ వారం బాదం బిస్కెట్లు చేసి ఇంటికి తెస్తానని మాటిచ్చింది. ఆ మాటల్లోనే పురిటికి ఎవరొస్తున్నారని అడిగింది. ఎవరూ అక్కర్లేదు, మేం చూసుకుంటాం అన్నాను. నిజంగానా అంది. నిజంగానే అన్నాను. నా చేయి పట్టుకుని మళ్ళీ అడిగింది. అప్పుడు నా నోట్లోంచి "మా అక్క కావాలి" అని వచ్చేసింది. అంతమంది ముందు భోరున ఏడ్చాను.

ఇప్పుడు చెప్పు అక్కా. ఎన్నో ఏళ్ళ కిందట ఆ పద్ధతి మర్చిపోయిన మనిషి మూడుసార్లు అడిగింది. నాకు నేర్పినదానివి, కాకినాడలో కూర్చుని నువ్వు ఒక్కసారి అడిగి ఊరుకుంటావా? ఈ ఊరి వాళ్ళంటే తెలియక వదిలేశారు. నీకేమైంది? అమ్మ పోయాక నాకు ఎవరున్నారని సరేలే అన్నావు?

నాకు భయంగా ఉంది. ఇక్కడ పురుడు కాగానే ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తారట. పిల్లకి లాల పోయడం నాకు రాదు. కిరణ్‌కి చారు పెట్టడం రాదు, అయినా అన్నీ నేను చూసుకుంటాగా అంటాడు. బుజ్జిగాడి పరీక్షలకి నువ్వు దగ్గర లేకపోతే కష్టమే, నాకు తెలుసు. వాడికి బావగారున్నారు. వాడి మీద నాకూ ప్రేమే, కానీ ఈసారికి నా వైపు చూడు. వీసా పని ఇప్పుడు మొదలుపెడితేనే ఏప్రిల్‌లో పురిటి వేళకి అందుతుంది. బాలింతకి పెట్టే కాయం పొడి సీలు వేసిన ప్యాకెట్లో తీసుకురా, ఎయిర్‌పోర్టులో అడిగితే దాచకుండా చూపించు. నా పాత నూలు చీరలు ఉంటే అవీ తీసుకురా, పొత్తిళ్ళకి పనికొస్తాయి.

బావగారికి నా మీద కోపం రాకుండా నువ్వే నచ్చజెప్పు. ఎదురింటి మామ్మగారిని అడిగానని చెప్పు, ఆవిడ దీవెన నాకు కావాలి. ఒంట్లో బాగానే ఉంది, దిగులు పడకు, వేళకి తింటున్నాను.

టికెట్ ఏ తారీఖుకి తీసుకున్నావో అది మాత్రం చెప్పు. తీసుకోనా అని అడగకు.

నీ చెల్లెలు,
సుధ