పుల్లమ్మ నడుం కొలత

మేనకోడలు నర్సమ్మకు, కత్తెర పక్కన పెట్టి మీ అత్త రాయునది,

ఇక్కడ అందరం క్షేమం, ఒక్క సోఫా తప్ప. కొన్నాళ్లు సాకమని నువ్వు పనిచేసే జంతువుల ఆశ్రమం నుంచి తెచ్చి నా నెత్తిన పెట్టి వెళ్లిన అనాథ పిల్లికి పుల్లమ్మ అని పేరు పెట్టాను. పాపం, ఎముకల మీద బొచ్చు తప్ప ఏమీ లేదు. మా పాత పిల్లి దొర మాత్రం ఎప్పటిలాగే కుట్టుమిషను మీద దిండులా పడున్నాడు. ఇద్దరివీ ఒకే చారలు. పక్కపక్కన కూర్చోబెడితే ఒకే మనిషికి పెళ్లికి ముందు, పెళ్లయ్యాక తీసిన ఫోటోల్లా ఉన్నారు. పుల్లమ్మకు గిన్నెడు పాలు పోశాను. గటగటా తాగింది. ఆ తర్వాత జరిగింది ఉత్తరంలో రాసేది కాదు.

నీ గౌను పంపుతున్నాను. నువ్వొచ్చినప్పుడు కొలిచాను కదా, నీ నడుం పాత కొలతే, దారమంత కూడా పెరగలేదు.

ఇట్లు,
ముక్కు మూసుకుని, అత్త

తా.క. తుడిచింది మీ మామయ్య. నేను కాపురానికి వచ్చాక మొదటిసారి నన్ను కాకుండా ఇంకొకర్ని తిట్టాడు.

*

అత్తకు దండాలు, వాటితోపాటే చీవాట్లు,

పాలు పోయకు తల్లీ! ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. అది మాంసం తినే జాతి. నేను పంపిన పిల్లుల తిండే పెట్టు. మధ్యమధ్య ఉడికించిన కోడిమాంసం కాస్త, ఎముక లేకుండా పెట్టొచ్చు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి మాత్రం తగలకూడదు. పుల్లమ్మకు కొంచెం కొంచెంగా చాలాసార్లు పెట్టు, దొరకు కొలిచి రెండు పూటలే. గదులు వేరు, గిన్నెలు వేరు. నేను తీసిన ఫోటోలో వాడి పొట్ట చూసి మా ఆశ్రమం డాక్టరమ్మ గుండె పట్టుకుంది. అలాగని పస్తులు పెట్టకు, పిల్లులకు పస్తు ప్రమాదం. మెల్లిగా తగ్గాలి.

పుల్లమ్మ ఒళ్లు చేయగానే పెంచుకోవడానికి ఒక వంటాయన కాచుకుని కూర్చున్నాడు. వారం వారం బరువు రాయి.

ఇట్లు,
నీ నర్సమ్మ

తా.క. గౌను అతికినట్టు సరిపోయింది. ఇన్ని కేకులు మింగుతున్నా నడుం పెరగలేదంటే నా మీద నాకే గౌరవం పెరిగింది.

*

నర్సమ్మకు, ఒంటి నిండా బొచ్చుతో అత్త రాయునది,

మనింట్లో త్రాసెక్కడిదే? టేపుతో కొలిచాను. పుల్లమ్మ నడుం పదకొండు అంగుళాలు, దొరది పద్దెనిమిది. నెల తర్వాతా పదకొండు, పద్దెనిమిదే. నీ పథ్యం పనిచెయ్యడం లేదు. వంటాయన్ని కంగారు పడొద్దని చెప్పు. అసలు ఆయనకు పిల్లిని పెంచే తీరిక ఉందా? పొద్దస్తమానం పొయ్యి దగ్గర ఉండేవాడు దీన్ని ఎప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుంటాడు? ఇది గుడ్డముక్కల బుట్టలో పడుకుంటేగానీ నిద్రపోదు. కత్తెర చప్పుడు ఆగితే లేచి నా మొహం చూస్తుంది.

ఇట్లు,
అత్త

తా.క. దొర రాత్రి మామయ్య మంచమెక్కి ఆయన చెవి నాకాడు. ప్రేమ కాదు, ఆకలి.

*

అత్తకు,

తర్వాత రాసిన రెండు కార్డుల్లోనూ పదకొండు, పద్దెనిమిదేనా! మన దగ్గర పుల్లమ్మకు తిండి ఒంటబట్టడం లేదన్నమాట. వంటాయన తానే చూసుకుంటానంటున్నాడు. గురువారం మా డ్రైవరు వస్తాడు. ఇద్దరిలో సన్నగా ఉన్నదాన్ని తీసుకురమ్మని చెప్పాను.

ఇట్లు,
నర్సమ్మ

*

ఓసి నర్సమ్మా,

కొంప ముంచావు! నేను గిరాకీ ఇంటికి కొలతలకు వెళ్లొచ్చేసరికి మీ మామయ్య సన్నగా ఉన్నదాన్ని డ్రైవరు చేతిలో పెట్టేశాడు. అది మా దొర! "సన్నది అన్నాడు, సన్నదిచ్చాను, నన్నెందుకు తింటావు" అని ఈయన పేపరు చాటున దాక్కున్నాడు.

నేను రాసిందంతా అబద్ధమే. పుల్లమ్మ ఇప్పుడు పదహారు. దొర దానికంటే సన్నబడ్డాడు. నీ పథ్యం బ్రహ్మాండంగా పనిచేసింది, నా ఖర్మ. పుల్లమ్మ ఒళ్లు చేసిందని తెలిస్తే తీసుకెళ్లిపోతావని భయపడ్డాను. అది వెళ్లిపోతే నా వల్ల కాదే. ఎదిగే పిల్లకు బట్టల్లో కాస్త లూజు ఉంచడం మా కుట్టేవాళ్లకు అలవాటు, అందుకే గిన్నెలోనూ పిడికెడు ఎక్కువేశాను. ఇప్పుడు ఇది గుమ్మం ముందు కూర్చుని దొర కోసం అరుస్తోంది. నేనూ పక్కనే కూర్చున్నాను. వాణ్ని పంపించెయ్యవే, నీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
సిగ్గు వదిలేసిన అత్త

తా.క. మామయ్య కూడా ఏడ్చాడు. ఉల్లిపాయలు తరిగానంటాడు. ఇంట్లో ఉల్లిపాయలు లేవు.

*

అత్తకు కోటి దండాలు, ఒక్క మొట్టికాయ,

కంగారు పడకు. దొర వంటాయన ఇంటికి వెళ్లలేదు, నా పక్కనే ఉన్నాడు. సన్నగా ఉన్నదాన్ని తెమ్మన్నది దొర కోసమే.

ఎలా కనిపెట్టానంటావా? నీ కార్డులు చదివి కొత్త గౌనును పాతదాని మీద పరిచి చూశాను. మూడంగుళాలు తేడా! గిరాకీలు బాధపడతారని పాత కొలతే చెప్పి చాటుగా గుడ్డ వదిలే చెయ్యి నీది. పుల్లమ్మ నడుమూ అలాగే పెరగకుండా పెరిగిందని, దొరది తగ్గకుండా తగ్గిందని అప్పుడే అర్థమైంది. దొరను తెప్పిస్తేనైనా పుల్లమ్మను నోరు తెరిచి అడుగుతావని ఎదురుచూశాను. అడిగితే ఇవ్వనా అత్తా? వంటాయనకు వేరే పిల్లిని చూశాను. పుల్లమ్మ నీదే. కానీ ఇక దాని గిన్నెలో లూజు వద్దు.

ఇట్లు,
నీ నర్సమ్మ

తా.క. రేపు దొరతోపాటు త్రాసు కూడా వస్తోంది. అది పిల్లులకు మాత్రమే. నన్ను ఎక్కమనకు. నా నడుం పాత కొలతే.